చెల్లెకు, బ్రష్షులతో పాటు

హిరోషిమా,
ఆషాఢం, ఆదివారం రాత్రి

చెల్లె,

ఉత్తరం చూసి నవ్వకు. వాట్సాప్‌లో చెప్పొచ్చు కదా అంటావు. నేను పన్నెండు నిమిషాలు మాట్లాడి వాయిస్ మెసేజ్ పెడితే, నువ్వు దాన్ని రెట్టింపు స్పీడ్‌లో విని "సరే అక్కా" అని ఒక్క ముక్క కొట్టి పడేస్తావు. ఇది అట్లా వినే సంగతి కాదు. నాతో పనిచేసే కరీంనగర్ అమ్మాయి సెలవు మీద వస్తోంది. ఆమె సంచిలో ఒక అట్టపెట్టె, అందులో బ్రష్షులు, బ్రష్షుల మీద ఈ కాగితాలు. ముందు ఇవి చదువు.

నేను బాగున్నాను. ఇక్కడ పోయిన నెల పట్టిన ముసురు ఇంకా వదల్లేదు. ఉతికిన యూనిఫాం రెండు రోజులైనా ఆరదు. మన దగ్గర భద్రకాళి గుడిలో శాకంబరి ఉత్సవాల సందడి ఉంటుంది కదా. అమ్మ మోకాళ్లు ఎట్లున్నాయి? డాక్టర్ వద్దన్నా బాపు మళ్లీ మగ్గం గుంటలోకి దిగాడట. కోప్పడకు. జంపఖానా సగంలో ఉంటే ఆయనకు నిద్ర పట్టదు.

ఇక అసలు సంగతి. శ్రావణంలో మూడు పెండ్లిళ్లకు పెండ్లికూతురి మేకప్ ఒప్పుకున్నావని విని ఎంత సంతోషపడ్డానో, "జపాన్ బ్రష్షుల సెట్ పంపు అక్కా, చిట్టి ఎత్తి డబ్బులిస్తా" అన్న మెసేజ్ చూసి అంత టెన్షన్ పడ్డాను. నక్కలగుట్టలో ఎవరో ముప్పై బ్రష్షుల బెల్టు నడుముకు కట్టుకుని పెండ్లికూతుర్ని తయారుచేస్తుంటే చూశావట. ఆ ముప్పైలో ఆమె చేయి ఎన్నింటి మీదికి పోయిందో లెక్కపెట్టావా? నాకు తెలిసి ఏడో ఎనిమిదో. మిగతావి బెల్టు నిండుగా కనిపించడానికి.

నువ్వు జపాన్‌వే అడగడంలో తప్పు లేదులే. మా దగ్గర్నుంచి బస్సెక్కితే గంటలోపే కుమానో అనే ఊరొస్తుంది. చుట్టూ కొండలు, ఉన్న పొలం కొంచెం. జపాన్‌లో తయారయ్యే బ్రష్షుల్లో దాదాపు 80 శాతం ఆ ఒక్క ఊరివే అంటారు. ఆ కథ వింటే నీకు మన ఊళ్లే గుర్తొస్తాయి. పూర్వం అక్కడి రైతులు పంటలు అయిపోగానే దూర ప్రాంతాలకు కూలికి వలస పోయేవాళ్లట. తిరిగొచ్చేటప్పుడు నారా అనే పట్నంలో బ్రష్షులు, సిరా కొనుక్కుని దారి పొడుగునా అమ్ముకుంటూ వచ్చేవాళ్లు. మన దుబాయ్ వాళ్లు సెంటు సీసాలు, టార్చిలైట్లు తెచ్చినట్టే. తర్వాత కొందరు ఆ పని నేర్చుకుని ఊళ్లోనే మొదలుపెట్టారు. అప్పట్లో అన్నీ రాత బ్రష్షులే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బళ్లలో బ్రష్షుతో రాయించడం తగ్గేసరికి బొమ్మల బ్రష్షుల వైపు, మేకప్ బ్రష్షుల వైపు తిరిగారు. 2011లో జపాన్ అమ్మాయిలు ఫుట్‌బాల్ ప్రపంచ కప్ గెలిస్తే ప్రభుత్వం వాళ్లకు ఇచ్చిన కానుక ఏమనుకున్నావు? కుమానో మేకప్ బ్రష్షుల సెట్టు!

పోయిన నెల సెలవు రోజున నీ కోసమే పోయి వచ్చాను. అక్కడి బ్రష్షుల మ్యూజియంలో 3.7 మీటర్ల పొడవున్న బ్రష్ ఒకటి పెట్టారు, మన పందిరి గుంజంత ఉంది. దుకాణంలో మేక వెంట్రుకలతో చేసిన పౌడర్ బ్రష్ ఒకటి బుగ్గకు ఆనించి చూశాను. ధర చీటీ తిప్పి చూసి, మెల్లగా తీసిన చోటే పెట్టేశాను. పది వేల యెన్‌ల పైనే, మన లెక్కలో ఐదారు వేలు. అదీ ఒక్కదానికి. నీ మొదటి పెండ్లికి ఎంత మాట్లాడుకున్నావో నాకు తెలుసు.

అయితే అసలు పాఠం నాకు ఆ దుకాణంలో దొరకలేదు, నేను పనిచేసే వృద్ధుల హోమ్‌లోనే దొరికింది. అక్కడ కుమానో నుంచి వచ్చిన ఒక అవ్వ ఉంది. పైకి ఇంటిపేరు పెట్టి మర్యాదగా పిలవాలి కానీ, లోపల నాకు అవ్వే. పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండదు. కానీ నలభై ఏళ్లు ఇంట్లో కూర్చుని బ్రష్షుల పని చేసిన చేతులవి. మన దగ్గర ఆడవాళ్లు బీడీలు చుట్టినట్టే, అక్కడ ఇంటింటా ఈ పని. చెక్కతో చేసిన చిన్న గిన్నె ఉంటుంది. తూచిన వెంట్రుకలను మొనలు కిందికి పెట్టి అందులో వేసి, తట్టీ తట్టీ కూర్చోబెడతారు. గిన్నె లోపలి వంపు ఎట్లా ఉంటే బ్రష్ తల అట్లా వస్తుంది. తలకిందులైన వెంట్రుకలను, మొన విరిగిన వాటిని చిన్న కత్తితో ఏరి పారేస్తారు. కత్తెర మాత్రం వేయరు. మొన తెగిన వెంట్రుక ముఖానికి గుచ్చుకుంటుంది.

ఆమె ముందు మూడు బ్రష్షులు పెట్టాను. వంద యెన్‌ల దుకాణంలో కొన్న పౌడర్ బ్రష్ ఒకటి, పన్నుతో కలిపి 110 యెన్‌లు, మన అరవై రూపాయలకు అటూ ఇటూ. అదే దుకాణంలో కొన్న సన్నటి లైనర్ బ్రష్ ఒకటి. మూడోది నేను వచ్చేటప్పుడు వరంగల్ చౌరస్తాలో రెండు వందలకు కొన్న నైలాన్ బ్రష్. అవ్వ మొదటిది బుగ్గకు ఆనించుకుని "చికుచికు" అని ముఖం ముడిచింది. గుచ్చుకుంటోందట! లైనర్ బ్రష్ మొనను గోటి మీద వంచి చూసి బాగుందన్నట్టు తలూపింది. మన చౌరస్తా బ్రష్‌ను మాత్రం చాలాసేపు తిప్పింది. మెడను చూసింది, వెంట్రుకలను వేళ్ల మధ్య పట్టి లాగింది, దవడ వెంబడి రాసుకుంది. ఇచ్చేయమని చేయి చాపితే ఇవ్వలేదు. భోజనం గంట కొట్టేదాకా ఆమె దగ్గరే ఉంది.

రెండు వందల బ్రష్ అది. అందుకే చెప్తున్నాను, చిట్టి జోలికి పోకు.

చౌరస్తాలోనో, హన్మకొండలోనో ఫ్యాన్సీ స్టోర్‌కు పోయినప్పుడు ప్యాకెట్ సీల్ చేసిన సెట్టు కొనకు. విడిగా, చేతికిచ్చి చూపించే చోట కొను. ముందు చెంపకు ఆనించు. చేతికి మెత్తగా తగిలింది ముఖానికి మెత్తగా తగలాలని లేదు. తర్వాత వెంట్రుకలను మెల్లగా రెండు మూడు సార్లు లాగు. ఒకటీ రెండూ వస్తే పర్వాలేదు, ఐదారు వస్తే పెట్టేయ్. పిడిని ఒక చేత్తో, మెడ దగ్గరి రేకును ఇంకో చేత్తో పట్టి తిప్పు. కొంచెం కదిలినా అది మూడు స్నానాలకు ఊడిపోతుంది. రంగు వేసిన వెంట్రుకలైతే తడి టిష్యూకు రుద్ది చూడు, రంగు దిగితే పెండ్లికూతురి ముఖానికీ దిగుతుంది. దుకాణం ఆయన విసుక్కుంటాడు, విసుక్కోనీ. బాపు నూలు కొనేటప్పుడు ఎన్ని కండెలు విప్పించేవాడో మర్చిపోయావా?

అసలు వెంట్రుకలా, నైలానా అని అడిగావు. నీకు నైలానే మేలు. మేక వెంట్రుక మీద సన్న పొలుసులుంటాయి, పొడిని పట్టి ఉంచుతుంది, పౌడర్‌కు దానికి సాటి లేదు. కానీ నువ్వు వాడేది ఎక్కువగా క్రీమూ, లిక్విడ్ ఫౌండేషనూ. అవి అసలు వెంట్రుకలోకి ఇంకిపోతాయి, సగం సరుకు బ్రష్షే తాగేస్తుంది. నైలాన్ తాగదు, తొందరగా కడగొచ్చు, తొందరగా ఆరుతుంది. ఒకే రోజు పొద్దున ఒక పెండ్లి, సాయంత్రం రిసెప్షన్ ఉంటే అదే నీ ప్రాణం కాపాడేది.

ఏవేవి కొనాలంటే, ఫౌండేషన్‌కు తల బల్లపరుపుగా, ఒత్తుగా ఉన్నది ఒకటి, పౌడర్‌కు గుబురుగా ఉన్నది ఒకటి, కళ్లకు పొట్టిగా చదునుగా ఉన్నది ఒకటి. రంగులు కలపడానికి మెత్తటివి రెండు కావాలి, ఒకటి ముదురు రంగుకు, ఒకటి లేత రంగుకు. పెదాలకు ఒకటి. వీటిలో డబ్బులు పెట్టాల్సింది కలిపే బ్రష్షుల మీద, పౌడర్ బ్రష్ మీద. మిగతావి చవకవి చాలు.

సన్నటి పనికి ఒక చిట్కా చెప్తాను, ఇది నాదే. బుగ్గచుక్కకు, కళ్యాణ బొట్టుకు, ఐలైనర్‌కు మేకప్ షాపులో కొనకు. స్టేషనరీ దుకాణంలో బొమ్మలేసే సింథటిక్ బ్రష్, జీరో నంబరు, ఒకటో నంబరు తీసుకో. ధర నాలుగో వంతు ఉంటుంది, మొన ఇంకా సన్నం. కామెల్ హెయిర్ అని రాసి ఉన్నది వద్దు. దాంట్లో ఒంటె వెంట్రుక ఒక్కటీ ఉండదు, ఎక్కువగా ఉడుతదో మేకదో ఉంటుంది, తడిస్తే మొన నిలవదు. ముంగిస వెంట్రుకలని చాటుగా అమ్మేవి అసలే వద్దు, వాటి అమ్మకం మన దేశంలో నేరం.

నా బండారం కూడా చెప్తాను. మామ బిడ్డ పెండ్లికి నేనే తయారుచేశాను కదా, అప్పుడు నువ్వు ఇంటర్ పరీక్షల్లో ఉన్నావు. ఒక ఎగ్జిబిషన్ స్టాల్‌లో 24 బ్రష్షుల సెట్టు కొన్నాను, జిప్పు సంచితో సహా. ఎంత మురిసిపోయానో. జీలకర్ర బెల్లం టైం దగ్గర పడుతుంటే ఫౌండేషన్ మీద వెంట్రుకలు ఊడి అంటుకోవడం మొదలైంది. ట్వీజర్‌తో ఏరుతున్నాను, చేతులు వణుకుతున్నాయి, బయట అయ్యగారు పిలుస్తున్నారు. ఒకటి గదవ కింద ఉండిపోయింది. ఆల్బమ్ వచ్చాక అత్తమ్మ అద్దాలు పెట్టుకుని చూసి, "పిల్లకు గడ్డం మొలిచిందేందే" అంది. ఇప్పటికీ నేను ఆ ఇంటికి పోతే ఆల్బమ్ తీయనివ్వను.

ఆ రోజు ట్వీజర్ కూడా మోసం చేసింది. కొనేముందు దాని మొనలను నొక్కి వెలుతురుకు ఎదురుగా పట్టి చూడు. మధ్యలో వెలుగు కనిపిస్తే వెంట్రుక జారిపోతుంది. ఐలాష్ కర్లర్ మాత్రం నేను పంపట్లేదు. ఇక్కడ పేరున్నదే కొన్నాను కానీ, ఇక్కడివాళ్ల కళ్ల వంపుకు చేసింది, నా కంటి మూలలు అందలేదు. నువ్వే నీ కంటికి పెట్టి చూసి కొనుక్కో. కొన్న రోజే స్పేర్ రబ్బర్లు కూడా అడుగు. రబ్బరు గీత పడ్డాక వాడితే రెప్ప వెంట్రుకలు తెగుతాయి.

కడగడం గురించి రాయకపోతే ఈ ఉత్తరం దండగ. ఒకరి తర్వాత ఇంకొకరికి అదే బ్రష్ వాడేముందు తుడిచి, మెడికల్ షాపులో దొరికే 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొట్టి పూర్తిగా ఆరనివ్వు. 99 శాతంది ఇంకా గట్టిదని కొనకు. అది క్షణంలో ఎగిరిపోతుంది, క్రిములు చావడానికి కొంచెం తడి ఉండాలి. స్పాంజి లోపలిదాకా శుభ్రం కాదు, ఒక పెండ్లికూతురికి ఒకటి, అంతే. కాజల్ పెన్సిల్ చెక్కకుండా ఇంకొకరి కంటికి పెట్టావో, కండ్ల కలక వస్తే నీ పేరు హన్మకొండ అంతా మోగుతుంది. ఇంటికొచ్చాక పిల్లల షాంపూతో కడుగు. నీళ్లు రేకు లోపలికి పోకుండా తల కిందికి పట్టుకుని కడగాలి. లోపల జిగురు నానితేనే వెంట్రుకలు ఊడేది. ఆరబెట్టేటప్పుడు గ్లాసులో నిలబెట్టకు. బల్ల అంచున తల బయటికి వచ్చేట్టు పడుకోబెట్టు, లేదా తలకిందులుగా వేలాడదీయి.

వేలాడదీయి అని రాస్తుంటే తాత గుర్తొచ్చాడు. కొత్తవాడ గల్లీలో పొద్దున్నే పడుగు చాచి గంజి పట్టాక, కుంచె కడిగి గోడ మేకుకు తలకిందులుగా తగిలించేవాడు. నువ్వు చిన్నదానివి, దాన్ని తీసి బొమ్మకు జుట్టని ఆడుకుంటే తాత వీధి చివరిదాకా వినపడేట్టు అరిచాడు. ఈ మాట అవ్వకు నా వచ్చీరాని జపనీస్‌లో చెప్పాను. ఎంత అర్థమైందో గానీ, రెండు చేతులూ ముందుకు చాచి అటూ ఇటూ లాగుతున్నట్టు చూపించింది. అచ్చం తాత లాగినట్టే.

పెట్టెలో ఉన్నవి: కలిపే బ్రష్షులు రెండు, కుమానోలోనే కొన్నాను, చిన్నవి కాబట్టి నా జేబుకు అందాయి. అవ్వ తలూపిన రకం లైనర్ బ్రష్షులు నాలుగు. ట్వీజర్లు రెండు, వెలుతురుకు పెట్టి చూసినవే. రంగులు కలపడానికి స్టీలు పళ్లెం, గరిటె. అమ్మకు మోకాలి పట్టీలు. బాపుకు ఏమీ పంపలేదని అలుగుతాడు, అందుకే అడుగున టీ పొడి పొట్లం ఉంది. పచ్చగా ఉంటుంది, పాలు పోయొద్దని చెప్పు. పోస్తాడనుకో.

మొదటి పెండ్లి ఫోటోలు పంపు. దగ్గర్నుంచి తీసినవే పంపు, గదవ కింద కూడా చూస్తాను.

ఇంకోటి. తాత కుంచె అటక మీద ఇంకా ఉందా, లేక కాముని మంటలో వేసేశారా? ఉంటే దులిపి ఒక ఫోటో పెట్టు. బుధవారం నాకు మళ్లీ అవ్వ దగ్గరే డ్యూటీ.

ఇట్లు,
మీ అక్క