సాక్ష్యాన్నే చెరిపిస్తే దర్యాప్తు ఎలా?

సంపాదకుడు గారికి,

మొన్న ఆదివారం చార్మినార్ పక్కన లాడ్ బజార్‌లో ఒక గాజుల దుకాణం ముందు ఆగాను. కుంపటి మీద మెత్తబడిన లక్కను సాగదీసి, గుండ్రంగా చుట్టి, అది ఆరేలోపే మెరుపు రాళ్లను ఒక్కొక్కటిగా అద్దుతున్నాడు పనివాడు. వేళ్ల కొసలు కాలి కాలి నల్లబడిపోయాయి. ఫొటో తీసుకోవచ్చా అని అడిగాను. నవ్వి, తనకూ ఒకటి ఇవ్వాలన్నాడు. సరేనన్నాను.

నాలుగు ఫొటోలు తీశానో లేదో, దారిన పోయే ఒకాయన "ఆడవాళ్లను తీస్తున్నాడు" అని కేక వేశాడు. జనం మూగారు. కానిస్టేబుల్ వచ్చి, ఒక్క ఫొటో అయినా చూడకుండా, అన్నీ నా చేతనే డిలీట్ చేయించాడు. పనివాడు చెప్పబోతే వినిపించుకున్నవారే లేరు. అరవై రెండేళ్ల వయసులో నడిబజారులో దొంగలా నిలబడ్డాను.

కేక వేసినాయన్ను నేను తప్పుపట్టను. బస్సుల్లో, మెట్రోలో ఆడపిల్లలను దొంగచాటుగా ఫోనులో తీసే నీచులు ఉన్నారు. నా కూతురు కూడా ఆ బాధ పడింది. అలాంటివాళ్లకు శిక్ష పడాల్సిందే. ఎవరూ చూడరన్న నమ్మకంతో ఏకాంతంలో ఉన్న స్త్రీని ఫొటో తీస్తే, భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద మొదటి నేరానికే ఏడాది నుంచి మూడేళ్ల జైలు. వెంటపడి వేధించేవారికి 78వ సెక్షన్ ఉంది. బజారులో పని చేసుకుంటున్న మనిషిని, అదీ అడిగి ఫొటో తీయడం వీటిలో దేని కిందికి వస్తుంది? నిజంగా నేరమే జరిగిందని అనుమానిస్తే ఆ ఫొటోలే సాక్ష్యం కదా! వాటిని పోలీసే చెరిపిస్తే నిజమైన దోషి హాయిగా ఇంటికి వెళ్తాడు, నిర్దోషి నిందతో వెళ్తాడు.

గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. అందుకే నేను ఎప్పుడూ అడిగే తీస్తాను, వద్దంటే కెమెరా దించేస్తాను. పరదా పాటించే స్త్రీల కోసం 1892లోనే ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ జనానా స్టూడియో తెరిచిన నగరం ఇది. మర్యాదకూ కెమెరాకూ ఇక్కడ ఏనాడో పొత్తు కుదిరింది.

ఏ ఫొటో నేరమో, ఏది కాదో పోలీసు శాఖ తెలుగులో, ఉర్దూలో సూటిగా ప్రకటించాలి. చార్మినార్, గోల్కొండ పరిసరాల్లో బోర్డులు పెట్టాలి. అనుమానం వస్తే ఫొటోలు చూసి, ఫిర్యాదు రాసుకోవాలి తప్ప చెరిపించరాదని సిబ్బందికి లిఖితపూర్వకంగా ఆదేశించాలి. ఆ గాజుల పనివాడికి ఇస్తానన్న ఫొటో కోసం నేను మళ్లీ లాడ్ బజార్‌కు వెళ్లాలి.

– ఒక పాఠకుడు, మలక్‌పేట, హైదరాబాద్