బుధవారం మధ్యాహ్నం షట్టర్ ఎందుకు దించి ఉంటుందంటే

అమలాపురం, ముమ్మిడివరం, రాజోలు వైపు మా చేత ఏసీలు చూపించుకునే వారందరికీ నమస్కారం. ఇకనుంచి షాపుకి ఆదివారం పూర్తి సెలవండి. బుధవారం మధ్యాహ్నం 2 నుంచి 6 దాకా షట్టర్ దించి ఉంటుంది. రాత్రి 8 దాటితే ఫోన్ ఎత్తం. రోహిణి కార్తె ముందు పెట్టుకుని ఈ మాటేంటని మీకు కోపం రావచ్చు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాం.

ఈ వేసవిలో ఆరు ఇన్వర్టర్ ఏసీల్లో మేం నింపిన గ్యాస్ సరైంది కాదు. ఏళ్ళ తరబడి సరుకు తెచ్చుకుంటున్న డీలరు ఆర్32 (కొత్త ఏసీల్లో వాడే గ్యాస్) అని ఇచ్చిన సిలిండర్లో వేరే గ్యాస్ కలిసి ఉంది. సీలు, లేబులు, బిల్లు అన్నీ సక్రమంగానే ఉన్నాయి. అడిగితే, మీకు నింపడం చేతగాక మా సిలిండర్‌కి వంక పెడుతున్నారన్నారు. సగం వాడేశారు కాబట్టి ఒత్తిడి తగ్గిందని కూడా అన్నారు. ఆ మాట ఇప్పటికీ మింగుడు పడటం లేదు, ఎందుకంటే అది తప్పు. సిలిండర్‌ని రాత్రంతా నీడలో ఉంచి పొద్దున్నే ఒత్తిడి కొలిచే గేజ్ పెట్టాలి. గది 30 డిగ్రీలుంటే ఆర్32 సుమారు 265 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలత) చూపించాలి. పాత ఏసీల్లో ఉండే ఆర్22 గ్యాస్ అయితే 158 దగ్గర ఆగుతుంది. మాకు 210 చూపించింది. లోపల ద్రవం మిగిలి ఉన్నంతసేపు సిలిండర్ నిండుగా ఉన్నా, అడుగంటినా ఈ అంకె మారదు. ఆ డీలరు దగ్గర ఇక సరుకు తీసుకోం.

అయితే ఐదు నిమిషాల ఈ పరీక్ష కొన్న రోజే చేయకపోవడం మా లోపమేనండి. ఆర్22 ఏసీలతో పడిన చేతి అలవాటు కొత్తవాటికి సరిపోదు. ఇన్వర్టర్‌లో కంప్రెసర్ వేగం మారిపోతూ ఉంటుంది కాబట్టి గేజ్ చూసి గ్యాస్ నింపితే లెక్క తప్పుతుంది. నేమ్‌ప్లేట్ మీద రాసిన గ్రాములు త్రాసు మీద పెట్టే నింపాలి. అంతకుముందు వ్యాక్యూమ్, అంటే పైపుల్లోంచి గాలీ తేమా లాగేయడం, 500 మైక్రాన్ల (లోపల మిగిలిన ఒత్తిడి కొలత) కిందికి దిగాలి. మామూలు గేజ్ ముల్లు చూసి అది చెప్పలేం, మైక్రాన్ గేజ్ కావాలి. ఆర్32కి మంట అంటుకునే గుణం ఉంది, గ్యాస్ ఉన్న పైపుకి అతుకులు వేసే మంట టార్చ్ పెట్టకూడదు. కరెంటు తీసేసినా బోర్డు మీద కెపాసిటర్లలో 300 వోల్టుల పైన నిలిచి ఉండొచ్చు, మీటర్ పెట్టి చూడకుండా చెయ్యి వేయకూడదు.

ఇవన్నీ నేర్చుకునే టైము ఎక్కడినుంచి తేవాలన్నదే మమ్మల్ని నెలరోజులు నిద్రపోనివ్వలేదు. ఇన్నాళ్ళూ ఇంటి టైములోంచే తెచ్చాం: రాత్రి పదింటికి వీడియోలు, ఆదివారం రాజమండ్రిలోనో విజయవాడలోనో క్లాసులు. పిల్లలు రోజంతా ఇంట్లో ఉండేది ఆ ఒక్క ఆదివారమే. పైగా రోజంతా డాబాల మీద ఎండలో పనిచేసి వచ్చాక చూసిన వీడియో తెల్లారేసరికి గుర్తుండదు. సీజన్ అయ్యాక నేర్చుకోవచ్చు కదా అన్నారు కొందరు. తప్పులు జరిగేదే సీజన్లో. ఇన్నేళ్ళు పనిచేసినవాళ్ళకి ఇంకా ట్రైనింగేంటని ఒక పాత కస్టమరు అన్నప్పుడు మాత్రం మనసు నొచ్చుకుంది. నేర్చుకోవడం కూడా మా పనిలో భాగమే. అందుకే అది పని గంటల్లోనే జరుగుతుంది, ఇంటి గంటల్లో కాదు. వారానికి నాలుగు గంటల సంపాదన పోతుంది, పోనివ్వండి. దీన్ని మార్చం.

ఆ నాలుగు గంటల్లో కుర్రాళ్ళు, మేమూ పాత రాగి పైపు ముక్కల మీద ఫ్లేర్లు (నట్టు బిగించడానికి పైపు అంచుని గరాటులా విప్పడం) కడతాం. అంచు చిట్లిందా, ఒక పక్కకి ఒరిగిందా చూసి మళ్ళీ కోసి కడతాం. నట్టు టార్క్ రెంచ్‌తోనే (ఎంత బలంతో బిగించాలో కొలిచే పానా) బిగిస్తాం. నైట్రోజన్ నింపి సబ్బునీళ్ళతో లీకులు వెతుకుతాం. బల్లి పడి కాలిన బోర్డులు మన దగ్గర బోలెడు, వాటిమీద కొలతలు నేర్చుకుంటాం.

ఆ ఆరు ఇళ్ళకీ మేమే ఫోన్ చేస్తాం. ఉన్న గ్యాస్ మొత్తం రికవరీ సిలిండర్లోకి (పాత గ్యాస్ పట్టే సిలిండర్) లాగి, వ్యాక్యూమ్ చేసి, మీ ఎదురుగానే తూచి కొత్తది నింపుతాం. పైసా తీసుకోం. పైన కొంచెం కలిపి సరిపెట్టడం కుదరదు, కాబట్టి ఒక్కో ఏసీకి పూటంతా పడుతుంది.

ఇంట్లో మంచం మీద పేషెంటు ఉంటే ముందే చెప్పి రాయించుకోండి, ఆ ఇళ్ళకి ఆదివారమైనా వస్తాం. మిగతావాళ్ళు రాత్రిపూట కాలిన వాసన వస్తే ఏసీ ఎంసీబీ (కరెంటు బోర్డులో దానంతటదే పడిపోయే స్విచ్చి) దించేయండి, అదే పడిపోతే మళ్ళీ మళ్ళీ పైకి ఎత్తకండి. అలాగే వదిలేసి పొద్దున్న 8కి ఫోన్ చేయండి.