గోడలు పోయినా గీతలు పోవు

ఒరేయ్,

నీ ఉత్తరం అందింది. అంతా కులాసా అని రాశావు, సంతోషం. కానీ చివర్లో ఒక మాట విసిరావు చూడు, "మహానగరాలు ఒక పద్ధతీ పాడూ లేకుండా పెరిగిపోతున్నాయి, వాటిని ఎవడూ ఏమీ చెయ్యలేడు" అని, ఆ మాట నన్ను వదల్లేదు. అందులో సగం ఒప్పుకుంటాను. మిగతా సగం మీద నీతో పోట్లాడాల్సిందే. తీరిక చూసుకుని చదువు, ఇది పొడుగు ఉత్తరం.

నగరం అనగానే మనకు భవనాలే కళ్లకు కడతాయి. నిజానికి నగరంలో అందరికన్నా ముందు పోయేవి అవే. కూలుస్తారు, కడతారు, మళ్లీ కూలుస్తారు. మొండిగా నిలబడేవి దారులూ, స్థలాల హద్దులూ. రోమ్‌లో పియాజ్జా నవోనా అనే ప్రాంగణం ఉంది కదా, దాని పటం ఒకసారి తీసి చూడు. సన్నగా, పొడుగ్గా, ఒక కొస గుండ్రంగా ఉంటుంది. మొదటి శతాబ్దంలో డొమీషియన్ చక్రవర్తి పరుగుపందేల కోసం కట్టించిన మైదానం అది. జనం కూర్చునే మెట్లు శిథిలమయ్యాక, వాటి మీదే తర్వాతి తరాలు ఇళ్లు కట్టుకున్నాయి. నడిమి ఖాళీ మాత్రం ఖాళీగానే ఉండిపోయింది. సామ్రాజ్యం పోయింది, మతం మారింది, మాట్లాడే భాష మారింది. ఆ ఆకారం అలాగే ఉంది.

లండన్ కథ ఇంకా గట్టి సాక్ష్యం. 1666 సెప్టెంబరులో నగరం నడిబొడ్డు తగలబడింది. పదమూడు వేల ఇళ్లు బూడిదయ్యాయి. కొద్ది రోజుల్లోనే వాస్తుశిల్పి క్రిస్టఫర్ రెన్ వెడల్పాటి వీధులతో కొత్త నగరం పటం గీసి రాజు ముందు పెట్టాడు. నేల చదునైపోయింది, మంచి పటం ఉంది, రాజుకూ ఇష్టమే. అయినా అది కాగితం దాటలేదు. ఇల్లు కాలిన ప్రతివాడూ "ఇది నా స్థలం" అంటూ తన హద్దు దగ్గర నిలబడ్డాడు. ఆ వేలమందికీ పరిహారమిచ్చి హద్దులు చెరిపే డబ్బూ లేదు, వ్యవధీ లేదు. కొన్ని వీధులు వెడల్పయ్యాయి, కలపకు బదులు ఇటుకా రాయీ వాడాలని చట్టం వచ్చింది. నగరం మాత్రం చాలావరకు పాత గీతల మీదే మళ్లీ లేచింది.

ఎందుకిలా అంటే, ఇల్లు కూల్చడానికి ఒక్క యజమాని ఒప్పుకుంటే చాలు. దారి జరపాలంటే రెండు పక్కలా ఉన్నవాళ్లందరూ ఒప్పుకోవాలి. పైగా దాని కిందే నీళ్ల గొట్టాలు, మురుగు కాలువలు ఉంటాయి. పారిస్‌లో నగర పాలనాధికారి హౌస్‌మన్ 1853 నుంచి 1870 దాకా పాత వీధుల్ని చీల్చి కొత్తవి వేయించాడు కదా అంటావేమో. నిజమే, కానీ వెనక చక్రవర్తి అండ, బలవంతంగా భూమి తీసుకునే అధికారం, కొండంత అప్పు కావలసి వచ్చాయి. నడి ఊళ్లోని పేదలు చాలామంది శివార్లకు నెట్టబడ్డారు. గీసిన గీతను తర్వాత మార్చాలంటే అంత ఖరీదు.

మరి నగరం ఎంత దూరం పాకుతుంది? ఇది నాకు చాలా ఇష్టమైన లెక్క. మనుషులు రోజు మొత్తం మీద రాకపోకలకు ఇంచుమించు గంటే పెడతారని ఇటలీ భౌతిక శాస్త్రవేత్త చెజారే మార్కెట్టి 1994లో రాశాడు. అంటే వెళ్లడానికి అరగంట, రావడానికి అరగంట. నడిచేవాడు అరగంటలో రెండున్నర కిలోమీటర్లు పోతాడు. అందుకే పాతకాలపు నగరాలు ఎంత గొప్పవైనా అంత కుదురుగా ఉండేవి. వేగం రెండింతలైతే దూరం రెండింతలవుతుంది, కానీ వైశాల్యం నాలుగింతలవుతుంది! లండన్‌లో 1863లో ప్రపంచంలోనే మొదటి భూగర్భ రైలు నడిచింది. ట్రాములు వచ్చాయి, తర్వాత కార్లు. ప్రతిసారీ నగరం చుట్టూ ఉన్న పొలాలు ఒక్కసారిగా "దగ్గర" అయిపోయాయి. జనం పెరిగారు కాబట్టే నగరం విస్తరించిందనుకుంటాం, చేరుకోవడం తేలికైంది కాబట్టి కూడా విస్తరించింది. పైకి పెరగడానికి లిఫ్టు దారి తీసింది. అది రాకముందు పారిస్ భవనాల్లో పై అంతస్తు పనివాళ్లకు దక్కేది, ఎందుకంటే మెట్లెక్కే ఓపిక డబ్బున్నవాడికి అక్కర్లేదు. లిఫ్టు వచ్చాక ఆ పై అంతస్తే అందరికన్నా ఖరీదైపోయింది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. పెరుగుదలను ఆపలేం అన్న నీ మాట నేనూ ఒప్పుకుంటాను. కానీ అది ఏ గీతల మీద పెరగాలో ముందే నిర్ణయించొచ్చు. నిర్ణయించారు కూడా. 1811లో న్యూయార్క్ జనాభా దాదాపు లక్ష, అదీ చాలావరకు మాన్‌హట్టన్ ద్వీపం దక్షిణపు కొసన. ఆ ఏడాది ముగ్గురు కమిషనర్లు ద్వీపంలో ఎక్కువ భాగానికి నిలువుగా 12, అడ్డంగా 155 వీధులు గీసేశారు. సర్వేయర్ జాన్ రాండెల్ పొలాల్లో దిగి కొలుస్తుంటే భూమి గలవాళ్లు కేసులు పెట్టారు, అరెస్టు చేయించారు కూడా. ఇవాళ ఆకాశాన్నంటే భవనాలు ఆ గీతల మధ్యే ఉన్నాయి. వంకర పోయే బ్రాడ్‌వే అనే వీధి ఒక్కటి వాళ్లకు లొంగలేదు, దాని దక్షిణ భాగం యూరప్ వాళ్లు రాకముందు స్థానిక తెగలు నడిచిన బాట. అది నిలువు వీధుల్ని కోసుకుంటూ పోయిన చోటల్లా కూడళ్లు పడ్డాయి. టైమ్స్ స్క్వేర్ అలా పుట్టిందే.

అయితే ఆ పటంలో ఒక పెద్ద లోటు ఉంది. రెండు పక్కలా నదులున్నాయి, గాలికి కొదవ లేదు, భూమి ఖరీదు ఎక్కువ అంటూ బహిరంగ స్థలాలు చాలా తక్కువ వదిలారు. నలభై ఏళ్లు తిరిగేసరికి పార్కు కావాలని ఊరంతా అడిగింది. అప్పుడు సెంట్రల్ పార్కు కోసం భూమి కొనాల్సి వచ్చింది, సుమారు 1,600 మందిని ఖాళీ చేయించాల్సి వచ్చింది. సొంత ఇళ్లు, చర్చీలు, బడి ఉన్న సెనెకా విలేజ్ అనే నల్లజాతివారి బస్తీ కూడా అందులో పోయింది. ఆ పార్కు గురించి ఎవరు మెచ్చుకున్నా నాకు ముందు ఆ బస్తీయే గుర్తొస్తుంది.

స్పెయిన్‌లోని బార్సిలోనాకు ఇంజనీరు ఇల్డెఫాన్స్ సెర్డా గీసిన 1859 పటం విషయంలో ఇంకో రకంగా జరిగింది. ప్రతి చతురస్రంలో రెండు పక్కల మాత్రమే ఇళ్లు, మిగతాది తోట అనుకున్నాడు. వీధి మలుపుల దగ్గర మూలలు చెక్కినట్టు కోశాడు, బళ్లు తిరగడానికి వీలుగా. భూయజమానులు నాలుగు పక్కలా కట్టేశారు, తోటల్లోకీ చొచ్చుకొచ్చారు. వీధులు, కోసిన మూలలు మిగిలాయి. అందరి పేరున ఉన్నది నిలిచింది, ఒకరి పేరున ఉన్నది కరిగిపోయింది.

చైనాలోని షెన్‌జెన్ చూడు. 1980లో ప్రత్యేక ఆర్థిక మండలి అయినప్పుడు అక్కడ జనం కొన్ని లక్షలు, 2020 జనగణనలో కోటీ డెబ్బై అయిదు లక్షలు. ప్రభుత్వం పొలాలు తీసుకుంది, కానీ పల్లెల్లో ఇళ్ల స్థలాలు చాలావరకు గ్రామస్తుల దగ్గరే ఉండిపోయాయి. వాళ్లు ఆ చిన్న చిన్న స్థలాల్లోనే అంతస్తు మీద అంతస్తు వేసి వలసవచ్చిన కార్మికులకు అద్దెకిచ్చారు. ఒక కిటికీలోంచి చెయ్యి చాపితే ఎదుటింటి కిటికీలో చేతిని అందుకోవచ్చు, అంత ఇరుకు. పల్లె పోయింది, పల్లె హద్దులు నిలువునా పైకి లేచాయి. వాటిని మురికివాడలని తీసిపారేసేవాళ్లంటే నాకు కోపం. ఆ గదులే లేకపోతే ఆ నగరాన్ని కట్టిన చేతులు ఎక్కడ నిద్రపోయేవి?

నీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది పెరూ రాజధాని లిమా శివార్లలోని వియ్యా ఎల్ సాల్వడోర్ అనే బస్తీ గురించి. 1971లో ఇల్లు లేని కుటుంబాలు ఖాళీ భూమిని ఆక్రమించుకుంటే ప్రభుత్వం వాళ్లను ఇసుక ఎడారికి తరలించింది. నీళ్లు లేవు, కరెంటు లేదు, గోడలకు చాపలే దిక్కు. కానీ ముందుగా గీతలు పడ్డాయి: ఇరవై నాలుగు ఇళ్ల స్థలాలు ఒక బ్లాకు, పదహారు బ్లాకులు ఒక సమూహం, సమూహం మధ్యలో బడికీ ఆటస్థలానికీ అందరి ఖాళీ. చాపలు పోయి ఇటుకలొచ్చాయి, అంతస్తులొచ్చాయి, జనం లక్షల్లోకి చేరారు. మధ్యలో స్థలం ముందే వదిలారు కాబట్టి దాని కోసం ఎవరి ఇల్లూ కూల్చాల్సిన పని పడలేదు. సంపన్న న్యూయార్క్ కాగితం మీద వదలలేకపోయిన స్థలాన్ని వీళ్లు ఎడారిలో వదిలిపెట్టారు, ఆలోచించు.

గీత అసలు మారదని నేను అనడం లేదు. సియోల్‌లో చెంగ్‌గేచెన్ అనే వాగును కప్పి పైన ఫ్లైఓవర్ వేశారు, 2003లో కూల్చడం మొదలుపెట్టి 2005 కల్లా నీళ్లు మళ్లీ పారించారు. అక్కడ కూడా మిగిలింది వాగు దారే. జనం వెళ్లిపోయినా అంతే. అమెరికాలోని డెట్రాయిట్‌లో 1950లో పద్దెనిమిదిన్నర లక్షలు, 2020లో ఆరు లక్షల నలభై వేలు. ఇళ్లు వేలకొద్దీ పోయాయి, కానీ అప్పటి జనానికి వేసిన రోడ్లనూ గొట్టాలనూ మిగిలినవాళ్లే భరిస్తున్నారు.

అందుకే ఎవడూ ఏమీ చెయ్యలేడు అనకు. నగరం అంచున ఇప్పుడు ఎవరో కొలతల టేపు పట్టుకుని నిలబడి ఉంటారు, రోడ్డు ఎంత వెడల్పు, ఖాళీ ఎంత అని రాసుకుంటూ. మనం వెళ్లి అడగాల్సింది అక్కడ, ఇప్పుడు, ఇళ్లు లేవకముందే. నీకు తెలిసిన ఏ నగరానిదైనా వందేళ్ల నాటి పటం, ఇప్పటి పటం దొరికితే పక్కపక్కన పరిచి ఏ గీతలు మిగిలాయో నాకు రాయి. నా వాదనకు అడ్డొచ్చేది కనిపిస్తే ముందు అదే రాయి, పోట్లాడుకుందాం.

ఇంట్లో అందర్నీ అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ మిత్రుడు