రైఫిలు గుర్తింపునకు డబ్బు కట్టించుకుని జవాబివ్వకపోవడంపై ఫిర్యాదు

కస్టమర్ సర్వీసు విభాగాధిపతి గారికి,

అయ్యా,

మీకు పంపిన మెయిళ్ళన్నిటికీ ఒకటే జవాబు వస్తోంది. "మీ అభ్యర్థన అందింది, మా నిపుణులు త్వరలో సంప్రదిస్తారు." అది మాకు కంఠతా వచ్చేసింది. సంక్రాంతికి ముందు డబ్బు కట్టాం. ఉగాది వెళ్ళిపోయింది, రోహిణీ కార్తె కూడా వచ్చింది, ఏ నిపుణుడూ సంప్రదించలేదు. అందుకే ఈ ఉత్తరం స్పీడ్ పోస్టులో పంపుతున్నాను.

మాది పశ్చిమ గోదావరి జిల్లాలో మాజీ సైనికుల సంఘం. మా హాల్లో అద్దాల బీరువాలో పాత .303 రైఫిలు ఒకటుంది. డ్రిల్లు కోసం, కాల్చడానికి పనికిరాకుండా చేసినది. చెక్క మీదా ఇనుము మీదా 'డీపీ' (డ్రిల్ పర్పస్) ముద్ర ఉంది, కాయితాలన్నీ సక్రమంగా ఉన్నాయి. అది ఎక్కడ తయారైంది, ఏ ఏడాదిది, ఏ భాగాలు అసలువి, ఏవి తర్వాత మార్చినవి అన్నది పక్కన బోర్డు మీద తప్పు లేకుండా రాయించాలి. మేం అడిగింది ఇంతే.

మీరు అడిగిన ఫొటోలన్నీ పంపాం. ట్రిగ్గర్ వెనక, చెయ్యి పట్టుకునే చోట కుడివైపున్న ఇనుప పట్టీ మీద అక్షరాలు అరిగిపోయాయి. సుద్దపొడి అద్ది, గుడ్డతో పైపైన తుడిచి, టార్చి పక్కనుంచి వేస్తే ఒక్కొక్కటే తేలాయి: పైన కిరీటం, కింద జార్జి చక్రవర్తి పొడి అక్షరాలు 'జీఆర్ఐ', ఆ కింద ఫ్యాక్టరీ పేరు ఇషాపూర్, ఏడాది 1942, మోడల్ పేరు మార్క్ 3 స్టార్. తూటాను లోపలికి తోసే బోల్టు పిడి వెనక సీరియల్ నంబరు మీద అడ్డగీత కొట్టి, పక్కన ఇంకో నంబరు వేశారు. ఆ రెండోది బాడీ మీద నంబరుతో సరిపోయింది. గొట్టం కొసన ఉండే నోస్ క్యాప్ మీద నంబరు మాత్రం వేరు. ఈ మార్పులు ఎప్పుడు, ఎక్కడ జరిగాయో చెప్పమనే మీకు డబ్బు కట్టింది.

ఫోన్ చేస్తే మొదట ఎత్తినమ్మాయి "వారంటీ కార్డు మీద మోడల్ నంబరు చెప్పండి సార్" అంది. 1942లో ప్రభుత్వ ఫ్యాక్టరీలో తయారైన ఆయుధానికి వారంటీ కార్డు ఎక్కడిదమ్మా అంటే, లైన్ వేరే విభాగానికి కలిపింది. అక్కడ ఎత్తినతను "మీ దగ్గర గన్ ఉందా? పోలీసులకు చెప్పారా?" అని నన్నే నిలదీశాడు. యూనిఫాం వేసుకుని బతికినవాణ్ణి, దొంగసొమ్ము దాచినవాడిలా జవాబు చెప్పుకోవలసి వచ్చింది. కాయితాలన్నీ దరఖాస్తుతోనే పంపామయ్యా అంటే "అవి నా స్క్రీన్ మీద కనబడట్లేదు" అని పెట్టేశాడు. తర్వాత మాట్లాడినాయన మర్యాదగానే ఉన్నాడు, పేరు కూడా రాసుకున్నాడు. సోమవారం తానే ఫోన్ చేస్తానన్నాడు. ఆ సోమవారం ఇంతవరకూ రాలేదు.

మధ్యలో ఒక్కసారి మాత్రం మీ దగ్గర్నుంచి మెయిలొచ్చింది. ఆశగా తెరిస్తే, సీరియల్ నంబరును బట్టి ఇది ఆస్ట్రేలియాలోని లిత్‌గో ఫ్యాక్టరీలో తయారైందని రాశారు. ఇషాపూర్ అన్న ముద్ర ఫొటోలో ఎదురుగా కనబడుతుంటే లిత్‌గో ఎలా అయింది? ఇంగ్లండులో ఎన్‌ఫీల్డ్, బీఎస్ఏ, ఆస్ట్రేలియాలో లిత్‌గో, మన బెంగాల్లో ఇషాపూర్, ఎవరి నంబర్ల వరస వాళ్ళది. వరస నిండితే ముందు అక్షరం తగిలించి మళ్ళీ మొదటినుంచి వేసేవాళ్ళు. ఒకే నంబరు రెండు మూడు ఫ్యాక్టరీల రైఫిళ్ళ మీద ఉండొచ్చు. అందుకే ముందు పట్టీ మీద ఫ్యాక్టరీ, ఏడాది చూసి, ఆ తర్వాతే నంబరు చూడాలి. ఆయుధం పట్టిన సిపాయికి తెలిసిన సంగతి మీ నిపుణులకు తెలియదా? తప్పు చూపిస్తూ జవాబు రాస్తే "మీ ఫిర్యాదు పరిష్కరించి మూసివేశాం" అని మెసేజ్ పెట్టారు. మమ్మల్ని అడక్కుండా ఎవరు మూశారు?

మేం మీకు కొత్తవాళ్ళం కాదు. మొదటి ప్రపంచయుద్ధంలో పనిచేసినవాళ్ళ మెడల్సు మా సభ్యుల ఇళ్ళల్లోంచి బయటపడితే, అంచు మీద చెక్కిన నంబరూ పేరూ చదివించి వివరాలు తీయించే పని మీకే ఇచ్చాం. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు అడిగితే మీ దగ్గరికే పంపాం. ఆ రోజుల్లో మీ ఆఫీసులో పెద్దాయన ఒకాయన తానే ఫోన్ చేసి, చదివి, వివరంగా చెప్పేవారు. ఇప్పుడు ఫోన్లో మీ వాళ్ళకు నా పేరైనా అక్కర్లేదు, టికెట్ నంబరొక్కటే కావాలి.

ఆ రైఫిలు ముందు నిలబడి "ఇది ఎక్కడిది తాతా?" అని అడిగే పిల్లలకు మీ లిత్‌గో మాట చెప్పలేను. అబద్ధం రాసిన బోర్డు ఆ హాల్లో పెట్టనివ్వను.

ముద్రలు చదవడం వచ్చిన మనిషి మా ఫొటోలు చూసి, సంతకం పెట్టిన రిపోర్టు పంపాలి. చేతకాకపోతే కట్టిన సొమ్ము పూర్తిగా వెనక్కివ్వాలి, తప్పు రిపోర్టుకు రాతపూర్వకంగా క్షమాపణ చెప్పాలి. ఈ ఉత్తరం అందిన పదిహేను రోజుల్లో ఇవేవీ జరక్కపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేస్తాను. అక్కడా తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్లో కేసు వేస్తాను. మీ మెయిళ్ళు, మెసేజ్‌లు అన్నీ ప్రింటు తీసి ఫైల్లో పెట్టాను. మాతోపాటు మెడల్సు ఇచ్చిన కుటుంబాలవాళ్ళూ సాక్ష్యానికి వస్తామన్నారు.

ఇట్లు,
కార్యదర్శి,
మాజీ సైనికుల సంఘం