యూకే బయల్దేరేవాళ్లకు: బ్యాగులో పెప్పర్ స్ప్రే వద్దు

అందరికీ నమస్తే. సెప్టెంబర్ బ్యాచ్‌వాళ్లు సూట్‌కేసులు తూకం వేసే ముందు ఇది చదవండి.

మన దగ్గర ఆన్‌లైన్‌లో సులువుగా దొరికే పెప్పర్ స్ప్రే అక్కడ 1968 ఫైర్‌ఆర్మ్స్ చట్టం కింద నిషేధిత ఆయుధం. ఆత్మరక్షణకే అని చెప్పినా, దగ్గర ఉండటమే నేరం. అమ్మ భయంతో పెట్టి ఉంటే తీసేసి, నెమ్మదిగా నచ్చజెప్పండి. ఆవిడ టెన్షన్ అర్థం చేసుకోదగ్గదే. బదులుగా గట్టిగా మోగే పర్సనల్ అలారం కొనుక్కోండి, దానికి ఇబ్బంది లేదు. ఎమర్జెన్సీ నంబర్ 999.

కూరగాయల కత్తి చెక్-ఇన్ లగేజీలోనే పెట్టండి. దిగాక వంటింట్లోనే ఉంచండి. సరైన కారణం లేకుండా వీధిలోకి తీసుకెళ్తే కేసు. బ్లేడు పదును అంచు 3 అంగుళాలు దాటని మడత చాకుకు మినహాయింపు ఉంది, లాక్ పడేదానికి లేదు.

శనివారం రాత్రిలోగా బ్యాగులు వెతికి, ఇక్కడ ‘చూశాను’ అని పెట్టండి. సైడు జేబులు మరిచిపోకండి.