చెవికి దొరికే ఆనవాలు

సంపాదకులకు,

1949లో అమెరికా ఎన్‌బీసీ రేడియోలో మొదలైన ‘డ్రాగ్‌నెట్’ లాంటి అపరాధ పరిశోధక నాటికల పట్టంతా చప్పుళ్లలోనే ఉంది. మహబూబ్‌నగర్ ఆకాశవాణి అలాంటివి తెలుగులో చేయిస్తే బాగుంటుంది. ఖర్చేమంత కాదు. తట్టలో గులకరాళ్లు పోసి మైకు పక్కన తొక్కితే వాకిట్లో నడిచినట్టే. సెల్లోఫేన్ కాగితం నలిపితే మంట. నటుడు మొహం తిప్పి రెండడుగులు వెనక్కి జరిగితే మనిషి వెళ్లిపోతున్నట్టు వినిపిస్తుంది; ఊరికే గొంతు తగ్గిస్తే నీరసమొచ్చినట్టుంటుంది. ఒకే తీరు గొంతులు రెండుంటే దొంగెవరో, పోలీసెవరో తెలియదు. అన్నింటికన్నా చేటు సంగీతం: ఆనవాలు చెప్పే మాట మీద వయొలిన్ మోగిందా, చివర్లో ముడి విప్పినా నమ్మకం కుదరదు. తాళంచెవి తిరిగే ముందు ఒక్క క్షణం నిశ్శబ్దం ఉంచాలి.

– రేడియో నాటక అభిమానులు, పాలమూరు