కంప్రెసర్ పోయిందనే ముందు మూడు పిన్నులు కొలవండి

సంపాదకులకు,

రోహిణీ కార్తె ఎండల్లో బెజవాడలో ఫ్రిజ్ ఆగిందంటే, వచ్చిన మెకానిక్ నోట ముందు వచ్చే మాట ‘కంప్రెసర్ పోయిందండీ’. గ్యాసుతో కలిపి వేలల్లో చెబుతారు. నిజంగా పోయినవీ ఉంటాయి, కాదనం. కానీ చాలాసార్లు పోయేది దాని పక్కన తగిలించి ఉండే రిలేనో (మోటారు మొదట తిరగడానికి సాయపడేది), ఓవర్‌లోడో (మోటారు మరీ కాగితే కరెంటు ఆపేది). ఆ రెండూ గవర్నర్‌పేట దుకాణాల్లో కొన్ని వందలకే దొరుకుతాయి. ఏది పోయిందో తేల్చడానికి ఒక మల్టీమీటరు, పావుగంట ఓపిక చాలు.

ముందు చెవితో వినాలి. లోపల లైటు వెలుగుతూనే ఉండి, కంప్రెసర్ కొన్ని సెకన్లు గుంయ్‌మని, టక్‌మని ఆగి, కాసేపటికి మళ్లీ అదే తంతు మొదలైతే, మోటారుకు కరెంటు అందుతోంది గానీ తిరగడం లేదని అర్థం. ఆ టక్‌మనేది ఓవర్‌లోడ్ తెగే చప్పుడు. అసలు చప్పుడే లేకపోతే థర్మోస్టాట్, టైమర్, ఎలుకలు కొరికిన వైర్లు ముందు చూసుకోవాలి.

ఇంకో మాట. కరెంటు పోయి వెంటనే వస్తే మంచి ఫ్రిజ్ కూడా ఇలాగే మూలుగుతుంది. ఇప్పటి రిలేలో పీటీసీ బిళ్ల ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు అది మోటారును మొదట తిప్పే తీగచుట్టకి, అంటే స్టార్టింగ్ వైండింగ్‌కి కరెంటు వదులుతుంది, క్షణాల్లో కాగిపోయి ఆపేస్తుంది. మళ్లీ చల్లారడానికి దానికి కొన్ని నిమిషాలు కావాలి. ఐదు నిమిషాలు ప్లగ్గు తీసి ఉంచి, మళ్లీ పెట్టి చూశాకే మిగతా పరీక్ష. వోల్టేజీ కూడా చూడండి. మోటారు మొదట తిరిగే బలం వోల్టేజీ వర్గాన్ని (వోల్టేజీని దానితోనే గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి ఉంటుంది. 230 ఉండాల్సిన చోట 180 వస్తే ఆ బలం సుమారు 61 శాతానికి పడిపోతుంది. అప్పుడు రిలేలు ఎన్ని మార్చినా దండగే.

ఇక విప్పడం. స్విచ్ కట్టేస్తే సరిపోదు, ప్లగ్గు పీకేయాలి. కంప్రెసర్ పక్కనున్న ప్లాస్టిక్ మూత తీసి, రిలేని తిన్నగా లాగాలి. అటూ ఇటూ వంచితే పిన్ను చుట్టూ ఉన్న గాజు సీలు చిట్లి గ్యాసు పోతుంది, లేని ఖర్చు అక్కడ మొదలవుతుంది. రిలేని చెవి దగ్గర ఊపితే గలగలమంటే లోపల బిళ్ల పగిలినట్టే. (పాతకాలం చుట్ట రిలేలో కదిలే ముక్క ఉంటుంది, దాని గలగల మామూలే.) మంచి పీటీసీ, చల్లారాక, మోడల్‌ని బట్టి కొన్ని ఓమ్‌ల నుంచి కొన్ని పదుల ఓమ్‌ల దాకా చూపిస్తుంది. ఓవర్‌లోడ్ దాదాపు సున్నా చూపించాలి. రెండింట్లో దేనికైనా మీటరు కదలకపోతే అది పోయింది.

అవి బాగుంటే, రిలే లాగిన చోట కనిపించే మూడు కంప్రెసర్ పిన్నులు. రెండేసి పిన్నుల చొప్పున మూడు జతలూ ఓమ్‌లలో కొలిస్తే పెద్ద రీడింగ్ మిగతా రెండింటి మొత్తానికి సరిపోవాలి: 14, 22 వస్తే మూడోది 36. ఏ జతకైనా రీడింగ్ రాకపోతే వైండింగ్ తెగినట్టు. అయితే కాలుతున్న కంప్రెసర్‌ని మాత్రం కొలవకండి, లోపలే ఓవర్‌లోడ్ ఉన్న రకమైతే చల్లారేదాకా తెగినట్టే చూపిస్తుంది. తర్వాత రంగు గీకిన రాగి గొట్టానికీ ఒక్కో పిన్నుకీ మధ్య కొలవాలి. అక్కడ మీటరు బీప్ అన్నా, కిలో ఓమ్‌లలో రీడింగ్ వచ్చినా బాడీకి షార్ట్ అయినట్టు. ఆ ఫ్రిజ్‌ని మళ్లీ ప్లగ్గులో పెట్టకూడదు.

వైండింగ్ బాగుండీ, కొత్త రిలే వేసీ, వోల్టేజీ సరిగ్గా ఉండీ తిరగకపోతే అప్పుడు కంప్రెసర్ లోపల పట్టేసి జామ్ అయిందనాలి. జామ్‌ని మీటరు పట్టదు.

మెకానిక్ సోదరులకు మనవి: కంప్రెసర్ మార్చాలని చెప్పేటప్పుడు ఆ మూడు రీడింగులూ, బాడీ రీడింగూ బిల్లు మీద రాసివ్వండి. ఇళ్లవాళ్లు కూడా అడిగి రాయించుకోవాలి. మోటారు వేగాన్ని ఎలక్ట్రానిక్ బోర్డు మార్చే ఇన్వర్టర్ ఫ్రిజ్‌లకు మాత్రం ఈ లెక్క పనికిరాదు. వాటికి ఈ రిలే ఉండదు, మూడు జతలూ ఇంచుమించు ఒకే రీడింగ్ ఇస్తాయి. అది సరిగ్గా ఉంటే చూడాల్సింది బోర్డు. లేబుల్ మీద ఆర్600ఏ అని ఉంటే ఆ గ్యాసు మండుతుంది, గొట్టాల జోలికి ఇంట్లోవాళ్లు వెళ్లకూడదు.

– ఒక రిఫ్రిజిరేషన్ మెకానిక్, సత్యనారాయణపురం, విజయవాడ